తక్కెడా, తుపాకీ



2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో మన సైనికులకూ చైనా సైనికులకూ ఘర్షణ జరిగింది. మనవాళ్లు ఇరవై మంది ప్రాణాలు కోల్పోయారు. వాళ్లకు అధికారిగా ముందు నిలిచిన కర్నల్ సంతోష్‌బాబు సూర్యాపేటకు చెందినవారు. మూడు రోజుల తర్వాత అక్కడే అంత్యక్రియలు జరిగాయి. ఆ వారంలో మన ఊళ్లలో చాలాచోట్ల చైనా సరుకు కొనబోమని ప్రతిజ్ఞలు చేశారు. నెలాఖరుకు కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 చైనా యాప్‌లను నిషేధించింది.

ఇప్పుడు సూర్యాపేట నుంచి ఒక అరవై కిలోమీటర్లు ప్రయాణం చేద్దాం. ఖమ్మం వస్తుంది. ఖమ్మం మార్కెట్ యార్డులో తేజ రకం మిర్చికి మంచి పేరు. సన్నటి కాయ, గట్టి ఘాటు. ఆ తేజ మిర్చిని పెద్ద ఎత్తున కొనే దేశం చైనా. గుంటూరు యార్డుకు వెళ్లినా ఇదే మాట చెబుతారు. గల్వాన్ తర్వాత ఈ మిర్చి చైనాకు వెళ్లడం ఆగిందా? ఆగలేదు. అటునుంచి సెల్‌ఫోన్ల విడిభాగాలు, మందుల ముడిసరుకు రావడమూ ఆగలేదు. సరిహద్దులో సైన్యాలు ఎదురెదురుగా మోహరించి ఉండగానే, 2021లో రెండు దేశాల మధ్య వ్యాపారం మొదటిసారి పది వేల కోట్ల డాలర్లు దాటింది.

ఇచ్చిపుచ్చుకునే ఇళ్ల మధ్య గొడవలు రావని మన పెద్దలు అంటుంటారు. దేశాల విషయంలోనూ ఆ నమ్మకం చాలా పాతది. అది ఎంతవరకు నిజమో లెక్కగట్టి చూడాలని కొందరు పరిశోధకులు జీవితకాలం వెచ్చించారు. వాళ్లలో ముఖ్యురాలు కేథరీన్ బార్బియేరీ అనే అమెరికన్ రాజనీతిశాస్త్ర ఆచార్యులు. ఆమె పరిశోధన గురించి, దాని చుట్టూ జరిగిన వాదం గురించి ఇవాళ మీతో మాట్లాడతాను.

ముందు ఆ పాత నమ్మకం సంగతి చూద్దాం. ఫ్రెంచి తాత్వికుడు మాంటెస్క్యూ 1748లో వెలువరించిన గ్రంథంలో వ్యాపారం సహజంగా శాంతికి దారి తీస్తుందన్నాడు. జర్మన్ తత్వవేత్త కాంట్ 1795లో శాశ్వత శాంతి గురించి రాస్తూ, వర్తక స్వభావమూ యుద్ధమూ ఒకే ఒరలో ఇమడవన్నాడు. ఇంగ్లండ్‌లో రిచర్డ్ కాబ్డెన్ అనే నాయకుడు ఈ మాటను ఆచరణలో పెట్టాడు. తరతరాలుగా శత్రువులైన ఇంగ్లండ్, ఫ్రాన్సుల మధ్య 1860లో సుంకాలు తగ్గించే ఒప్పందం కుదిర్చాడు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నార్మన్ ఏంజెల్ అనే ఆంగ్ల పత్రికా రచయిత ఇంకో అడుగు ముందుకు వేశాడు. 1910లో ఆయన పుస్తకం ‘ది గ్రేట్ ఇల్యూజన్’ వచ్చింది. మహాభ్రమ అని చెప్పుకోవచ్చు. యుద్ధంలో గెలిచి ఇంకో దేశాన్ని ఆక్రమిస్తే లాభం వస్తుందనుకోవడమే ఆ భ్రమ అని ఆయన వాదన. బ్యాంకులు, అప్పులు, హుండీలు దేశాల మధ్య ఎంతగా అల్లుకుపోయాయంటే, పొరుగువాడి ఇల్లు తగలబెడితే మన ఖాతా పుస్తకమూ అందులోనే కాలిపోతుందన్నది ఆ పుస్తకం సారాంశం. లక్షల మంది చదివారు. నాలుగేళ్లకే, 1914 జూలై చివర్లో, మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. అప్పటికి జర్మనీ సరుకును అందరికన్నా ఎక్కువగా కొంటున్న దేశం బ్రిటన్. ఆగస్టులో ఆ రెండు దేశాలే తలపడ్డాయి. మరుసటి నెలలోనే ఎండెన్ అనే జర్మన్ యుద్ధనౌక బంగాళాఖాతంలో వర్తక నౌకలను వేటాడుతూ వచ్చి, మద్రాసు రేవులోని చమురు ట్యాంకుల మీద గుండ్లు కురిపించింది.

పాపం, ఏంజెల్‌ను చాలామంది తప్పుగా అర్థం చేసుకున్నారు. యుద్ధం రాదని ఆయన అనలేదు, వస్తే ఎవరికీ గిట్టదన్నాడు. అది నిజమేనని నాలుగేళ్ల యుద్ధం తర్వాత గెలిచినవాళ్లకూ తెలిసొచ్చింది. 1933 సంవత్సరానికి నోబెల్ శాంతి బహుమతి ఆయనకే ఇచ్చారు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కథ మారింది. 1950 మే 9న ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి రాబర్ట్ షూమాన్ ఒక ప్రతిపాదన చేశాడు. ఫ్రాన్స్, జర్మనీల బొగ్గునూ ఉక్కునూ ఒకే ఉమ్మడి అజమాయిషీ కిందకు తెద్దామన్నాడు. ఫిరంగి చేయాలన్నా ఉక్కే కావాలి, ఆ ఉక్కు కొలిమి మండాలన్నా బొగ్గే కావాలి. రెండూ ఉమ్మడి ఆస్తి అయితే ఒకరికి తెలియకుండా ఇంకొకరు యుద్ధానికి సిద్ధం కాలేరు. మరుసటి ఏడాది ఆరు దేశాలు సంతకాలు చేశాయి. డెబ్బై ఏళ్లలో మూడుసార్లు పోరాడిన ఆ రెండు దేశాలు మళ్లీ ఇంతవరకు ఒకదానిపై ఒకటి తుపాకి ఎత్తలేదు.

చూశారా, ఒకరు ఫ్రాన్స్–జర్మనీ కథ చెబితే, ఇంకొకరు బ్రిటన్–జర్మనీ కథ చెబుతారు. ఎవరికి నచ్చిన ఉదాహరణ వాళ్లు ఏరుకుంటే ఈ పంచాయితీ తెగదు. అన్ని దేశాలనూ, అన్ని సంవత్సరాలనూ వరుసగా పరిచి లెక్క చూడాలి.

ఆ లెక్కకు పునాది వేసింది అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం. జె. డేవిడ్ సింగర్ అనే ఆచార్యులు 1963లో అక్కడ ఒక పరిశోధన పథకం మొదలుపెట్టారు. 1816 నుంచి ప్రపంచంలో జరిగిన యుద్ధాలన్నిటినీ పట్టికకు ఎక్కించడం వారి పని. రణరంగంలో వెయ్యి మంది చనిపోతే దాన్ని యుద్ధంగా లెక్కవేయాలని ఒక నియమం పెట్టుకున్నారు. యుద్ధం దాకా వెళ్లని గొడవలకు ఇంకో పట్టిక తయారైంది. సైన్యంతో బెదిరించడం, బలగాలను సరిహద్దుకు తరలించడం, కాల్పులు జరపడం వంటివన్నీ సాయుధ వివాదాలుగా అందులోకి ఎక్కాయి. గల్వాన్ ఈ రెండో రకంలోకి వస్తుంది.

ఇంకోవైపు వర్తకపు లెక్కలు కావాలి. ఏ దేశం ఏ ఏడాది ఎవరికి ఎంత అమ్మింది, ఎవరి దగ్గర ఎంత కొన్నది? ఈ రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టి, రెండేసి దేశాలను జతకట్టి, ఒక్కో ఏడాదికి ఒక్కో వరుస రాసుకుంటూ పోతే వేల వరుసలు తయారవుతాయి. వ్యాపారం ఎక్కువగా ఉన్న జతల్లో గొడవలు తక్కువా ఎక్కువా అన్నది అప్పుడు అడగవచ్చు.

మొదట వచ్చిన జవాబు పాత నమ్మకానికి బలమిచ్చింది. సోలొమన్ పోలచెక్ అనే ఆర్థికవేత్త 1980లో ముప్పై దేశాల పదేళ్ల లెక్కలతో ఒక వ్యాసం ప్రచురించారు. రెండు దేశాల మధ్య వ్యాపారం రెట్టింపైతే, వాటి మధ్య శత్రుత్వం ఇరవై శాతం మేర తగ్గుతుందని తేల్చారు. కారణం తేలికగానే అర్థమవుతుంది. గొడవ పడితే పోయే గిరాకీ ఎంత పెద్దదైతే, గొడవకు అంత వెనకాడతారు.

బార్బియేరీ ఇక్కడ రంగంలోకి వచ్చారు. 1996లో ‘జర్నల్ ఆఫ్ పీస్ రీసెర్చ్’ పత్రికలో ఆమె వ్యాసం వచ్చింది. పోలచెక్ చూసింది పదేళ్లు. ఆమె 1870 నుంచి 1938 దాకా వెనక్కి వెళ్లారు. వచ్చిన ఫలితం చాలామందికి మింగుడు పడలేదు. ఒకదాని మీద ఒకటి బాగా ఆధారపడిన దేశాల మధ్యే సాయుధ వివాదాలు ఎక్కువగా కనిపించాయి. కొద్దిపాటి, మధ్యరకం వ్యాపారం ఉన్నచోట వివాదాలు తగ్గాయి, నిజమే. ముడి మరీ బిగిసినచోట మాత్రం పెరిగాయి. వ్యాపారం వల్ల శాంతి దక్కే అవకాశం కాస్తయినా ఉన్నది ఇద్దరి అవసరమూ సరితూగిన జతల్లోనే. తర్వాత లెక్కను ఇటీవలి దశాబ్దాల దాకా పొడిగించి 2002లో ఆమె పుస్తకం వెలువరించారు. దాని పేరు ‘ది లిబరల్ ఇల్యూజన్’. ఏంజెల్ పుస్తకం పేరు గుర్తుకొస్తోంది కదూ? యుద్ధంతో లాభం వస్తుందనుకోవడం భ్రమ అని ఆయన అంటే, వ్యాపారం యుద్ధాన్ని ఆపుతుందనుకోవడమూ భ్రమే అని ఈమె అన్నారు.

ఇదెలా సాధ్యమని అడగవచ్చు. పల్లెలో పెరిగినవారికి ఇది వింత కాదు. గట్టు తగాదాలు ఎవరికి వస్తాయి? పక్కపక్క పొలాల వాళ్లకే. ఎక్కడో పది ఊళ్ల అవతల ఉన్న రైతుతో మనకు తగాదా పడే అవసరం ఏముంది? ఒకే కాలువ నీళ్లు పంచుకునేవాళ్లకే నీటి వంతు దగ్గర మాటా మాటా పెరుగుతుంది. ఇచ్చిపుచ్చుకోవడం పెరిగినకొద్దీ ధర దగ్గర, తూకం దగ్గర, బాకీ దగ్గర పేచీకి సందులు పెరుగుతాయి.

రెండో కారణం ఇంకా లోతైనది. తక్కెడ ఎవరివైపు మొగ్గుతోంది? ఆల్బర్ట్ హర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1945లోనే దీని మీద పుస్తకం రాశారు. యుద్ధానికి ముందు నాజీ జర్మనీ బల్గేరియా, హంగరీ వంటి చిన్న దేశాల పంటలను పెద్ద మొత్తంలో కొంటూ పోయింది. జర్మనీకి ఆ కొనుగోలు తన మొత్తం వ్యాపారంలో చిన్న ముక్క. ఆ చిన్న దేశాలకు మాత్రం జర్మనీయే దాదాపు సంత మొత్తం. ఇక ఆ షావుకారు చెప్పిందే బేరం. ఇలాంటి బంధంలో చిన్నవాడికి కడుపుమంట, పెద్దవాడికి అహంకారం పెరుగుతాయి.

మన దగ్గరే చూడండి. మన దేశం నుంచి ఎగుమతయ్యే రొయ్యలో పెద్ద భాగం ఆంధ్రప్రదేశ్‌ది. దాన్ని అందరికన్నా ఎక్కువగా కొనేది అమెరికా. రష్యా చమురు కొంటున్నామన్న కారణం చూపి, 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుపై అదనంగా 25 శాతం సుంకం వేసింది. అంతకుముందే వేసినదానితో కలిపి 50 శాతమైంది. ఉక్రెయిన్‌లో యుద్ధం, రష్యాలో చమురు, వాషింగ్టన్‌లో నిర్ణయం, భీమవరం చెరువు గట్టు మీద దిగులు! రొయ్యల రైతు ఎవరి మీదా తుపాకి ఎత్తలేదు. అతని సరుకునే ఇంకొకరు ఆయుధంగా వాడుకున్నారు.

సరే, బార్బియేరీ మాటతో వాదం ముగిసిందా? ముగియలేదు, అసలు అప్పుడే వేడెక్కింది. జాన్ ఓనీల్, బ్రూస్ రసెట్ అనే ఇద్దరు ఆచార్యులు 1997లో ఎదురు వ్యాసం ప్రచురించారు. 1950 నుంచి 1985 దాకా లెక్క చూస్తే వ్యాపారం శాంతినే పెంచిందన్నారు, పాత తాత్వికులు చెప్పిందే ఒప్పని శీర్షికలోనే ప్రకటించారు. ఇరువైపులవాళ్లూ నిజాయితీగా లెక్క వేసినవాళ్లే. మరి జవాబులు ఎందుకు ఎదురెదురయ్యాయి?

కొలత పాత్ర వేరు కావడం ఒక ముఖ్య కారణం. ఒక రైతు తన గేదెల పాలలో పదింట తొమ్మిది వంతులు ఒకే పాలకేంద్రానికి పోస్తాడనుకోండి. అతని పాల వ్యాపారంలో ఆ కేంద్రం వాటా ఎంత అని బార్బియేరీ అడుగుతారు. ఆ కొలతలో ఇది చాలా గట్టి ముడి. కానీ ఆ ఇంటికి అసలు ఆదాయం వరి మీద, పత్తి మీద వస్తుంటే? పాల మీద వచ్చేది ఇరవయ్యో వంతే అయితే? ఇంటి మొత్తం ఆదాయంలో ఆ పాల డబ్బు ఎంత అని ఓనీల్, రసెట్ అడుగుతారు. ఆ కొలతలో అదే బంధం సన్నటి దారం. ఆ రైతు రేపు పాలకేంద్రం వాళ్లతో పోట్లాడాడంటే, ముడి గట్టిదైనా పోట్లాడాడని ఒకరు రాస్తారు, దారం సన్నం కాబట్టే పోట్లాడాడని ఇంకొకరు రాస్తారు.

ఖాళీ గడుల పేచీ ఇంకొకటి ఉంది. వందేళ్ల కిందటి ఖాతా పుస్తకాల్లో చాలా పేజీలు దొరకవు. ఫలానా ఏడాది ఫలానా రెండు దేశాల మధ్య వ్యాపారం ఎంతో తెలియనప్పుడు అక్కడ సున్నా వేసేద్దామా? కొందరు వేశారు. కాగితం దొరకకపోవడం వేరు, బేరమే జరగకపోవడం వేరు అని బార్బియేరీ పట్టుబట్టారు. ఇద్దరు సహ పరిశోధకులతో కలిసి దేశాల మధ్య వర్తకపు లెక్కల పట్టికను శ్రద్ధగా తయారుచేసి అందరికీ అందుబాటులో ఉంచారు. ఆమెతో విభేదించేవాళ్లు కూడా ఇవాళ ఆ పట్టికనే వాడుతుంటారు. ఒక పరిశోధకురాలికి ఇంతకన్నా గౌరవం ఏం కావాలి?

వాదంలో ఇంకో చిక్కు ప్రశ్న కూడా ఉంది. వ్యాపారం వల్ల శాంతి వస్తుందా, శాంతి ఉన్నచోటికే వ్యాపారం వస్తుందా? దీనికి మన తీరంలోనే ఒక సాక్ష్యం ఉంది. బాపట్ల జిల్లాలో మోటుపల్లి అనే ఊరు ఒకప్పుడు పెద్ద రేవు. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో అక్కడ ఒక అభయశాసనం వేయించాడు. అంతకుముందు తుఫానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే, ఆ తీరపు రాజులు సరుకంతా లాగేసుకునేవారట. ప్రాణం కన్నా ధనం ప్రియమనుకుని సముద్రాన్ని దాటి వచ్చే వర్తకుల దగ్గర నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోమని ఆ శాసనంలో గణపతిదేవుడు మాట ఇచ్చాడు. ముందు అభయం, ఆ తర్వాతే వర్తకం అన్నమాట. 2004లో కెష్క్, పొలిన్స్, రూవెనీ అనే ముగ్గురు పరిశోధకులు రెండు దిక్కులనూ ఒకేసారి లెక్కగట్టారు. గొడవలు వ్యాపారాన్ని దెబ్బతీస్తున్నట్టు కనిపించింది గానీ, వ్యాపారం గొడవలను తగ్గిస్తున్నట్టు గట్టి ఆధారం దొరకలేదు. గణపతిదేవుడు శాసనం వేయించి అప్పటికి ఏడు వందల అరవై ఏళ్లయింది!

ఈ చిక్కుముడి నుంచి దారి చూపిన వాళ్లు కొందరున్నారు. ఫిలిప్ మార్టిన్, థియెరీ మాయేర్, మథియాస్ తోనిగ్ అనే ఆర్థికవేత్తలు 2008లో ఒక ముఖ్యమైన తేడా చూపించారు. ఇద్దరి మధ్యే వ్యాపారం ఎక్కువగా ఉంటే యుద్ధం వచ్చే అవకాశం తగ్గుతుంది. అదే, ఇద్దరూ ప్రపంచమంతటితో వ్యాపారం చేస్తుంటే ఒకరి అవసరం ఇంకొకరికి తగ్గి, యుద్ధం వచ్చే అవకాశం పెరుగుతుంది. ఊళ్లో ఒక్కటే కిరాణా కొట్టు ఉంటే షావుకారుతో మాట పడినా సర్దుకుంటాం. వీధికో కొట్టు ఉంటే ఆ సర్దుబాటు ఎందుకు?

డేల్ కోప్‌లాండ్ అనే ఆచార్యులు 2015లో రాసిన పుస్తకంలో ఇంకో సంగతి చెప్పారు. ఇవాళ వ్యాపారం ఎంత జరుగుతోందన్నది ఒక్కటే చూస్తే చాలదు, రేపు జరుగుతుందన్న నమ్మకం ఉందా లేదా అన్నది చూడాలన్నారు. ఆయన లోతుగా చూసిన ఉదాహరణల్లో జపాన్ ఒకటి. 1941లో జపాన్ వాడే చమురులో చాలా భాగం అమెరికా నుంచే వచ్చేది. ఆ ఏడాది జపాన్ సేనలు దక్షిణ ఇండోచైనాలోకి దిగడంతో, జూలైలో అమెరికా జపాన్ ఆస్తులను స్తంభింపజేసింది. చమురు ఆగిపోయింది. ఉన్న నిల్వలు కరిగిపోయేలోపు ఏదో ఒకటి చేయాలని టోక్యోలో తొందరపడ్డారు. డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగింది. నాలుగు నెలలకు, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఎక్కడో పసిఫిక్‌లో మూతపడిన చమురు గొట్టపు సెగ మన తీరానికీ తగిలింది.

యుద్ధం వచ్చాక వ్యాపారం ఏమవుతుందన్నది బార్బియేరీ వేసుకున్న మరో ప్రశ్న. జాక్ లెవీ అనే ఆచార్యులతో కలిసి 1999లో ఏడు జతల దేశాల చరిత్ర పరిశీలించారు. చాలాచోట్ల యుద్ధం వర్తకాన్ని మనం అనుకున్నంతగా తెంచలేదు. తెగినా త్వరలోనే మళ్లీ అతుక్కుంది. కొన్నిసార్లు శత్రువులు తుపాకులు ఎక్కుపెట్టుకుంటూనే సరుకులు అమ్ముకున్నారు. ఆ వ్యాసానికి వాళ్లు పెట్టిన శీర్షికకు అర్థం శత్రువుతో ఒకే పక్క మీద పడుకోవడమని.

ఇది పాత కథేమీ కాదు. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద పూర్తిస్థాయి దాడికి దిగింది. అయినా రష్యా సహజవాయువు ఉక్రెయిన్ భూమిలో వేసిన గొట్టాల గుండానే యూరప్‌కు వెళ్తూ వచ్చింది. దారి వాడుకున్నందుకు ఉక్రెయిన్‌కు కిరాయి ముడుతూనే ఉంది. పైన క్షిపణులు, కింద గ్యాసు! 2019 చివర్లో రాసుకున్న అయిదేళ్ల ఒప్పందం గడువు తీరి 2025 జనవరి 1న అది ఆగింది. మన దేశం సంగతే తీసుకోండి. 1996లో పాకిస్తాన్‌కు వ్యాపారంలో అత్యంత అభిమానపాత్ర దేశం హోదా ఇచ్చాం. 1999లో కార్గిల్ కొండల మీద యుద్ధం జరిగినప్పుడూ అది రద్దు కాలేదు. 2019 ఫిబ్రవరిలో పుల్వామా దాడి తర్వాతే రద్దయింది.

ఇలా ఎందుకు జరుగుతుందో మారియా గ్రిన్‌బర్గ్ అనే పరిశోధకురాలు 2025లో వచ్చిన పుస్తకంలో వివరించారు. యుద్ధంలో ఉన్న ప్రభుత్వం ఒక్కో సరుకునూ విడివిడిగా తూకం వేస్తుందట. ఈ సరుకు శత్రువు చేతిలో ఆయుధంగా మారడానికి ఎన్నాళ్లు పడుతుంది? యుద్ధం ముగిసేలోపు మారేదైతే ఆపేస్తారు. ఆలోపు మారనిదైతే, దానిమీద మనకు డబ్బు వస్తుంటే, పోనిస్తారు. యుద్ధం ఎన్నాళ్లు సాగుతుందన్న అంచనా మారితే ఆ చిట్టా కూడా మారుతుంది.

యుద్ధం వర్తకాన్ని అంతగా తెంచదన్న మాటకూ ఎదురు సాక్ష్యం ఉంది. రూవెన్ గ్లిక్, అలన్ టేలర్ అనే ఆర్థికవేత్తలు 2010లో ప్రచురించిన లెక్క ప్రకారం పెద్ద యుద్ధాల దెబ్బకు వర్తకం బాగా పడిపోతుంది, కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది, యుద్ధంతో సంబంధం లేని దేశాలూ నష్టపోతాయి. ఈ చివరి మాటకు మన వంటిళ్లే సాక్ష్యం. ఉక్రెయిన్ యుద్ధానికి ముందు మన దేశం దిగుమతి చేసుకునే పొద్దుతిరుగుడు నూనెలో ఎక్కువ భాగం ఉక్రెయిన్‌దే. 2022 మార్చిలో మన కిరాణా కొట్లలో ఆ నూనె ప్యాకెట్ ధర ఎలా ఎగబాకిందో మీకు గుర్తుండే ఉంటుంది.

ఈ పరిశోధనల మీద నాకున్న గౌరవం తగ్గించకుండానే ఒక మాట చెప్పాలి. 1870 నుంచి 1938 దాకా ఆ పట్టికల్లో మనం ఎక్కడున్నాం? లేము. అవి స్వతంత్ర దేశాల జతలతో కట్టిన పట్టికలు. బ్రిటన్‌కూ మనకూ మధ్య జరిగింది ఆ వరుసల్లోకి రాదు. కానీ వ్యాపారానికీ ఆయుధానికీ ఉన్న చుట్టరికం మనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మనుషులు గ్లోబ్ అనే ఓడలో మచిలీపట్నం వచ్చింది బట్టలు కొనడానికే. ముందే వచ్చిన డచ్చివాళ్లూ, తర్వాత వచ్చిన ఫ్రెంచివాళ్లూ వాళ్లకు పోటీగా ఉన్నారు. నూట యాభై ఏళ్లు తిరక్కుండానే, 1759 ఏప్రిల్‌లో, అదే మచిలీపట్నం కోటను కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ల దగ్గర నుంచి యుద్ధం చేసి పట్టుకున్నాడు. అప్పటికి తక్కెడ పట్టుకున్నవాడూ తుపాకి పట్టుకున్నవాడూ ఒక్కడే. అందుకే వ్యాపారం శాంతిని తెస్తుందని ఎవరైనా అంటే, ఎవరెవరి మధ్య వ్యాపారం, ఏ షరతుల మీద అని అడగడం మనకు అలవాటు కావాలి. తూకం గురించి బార్బియేరీ వేసిన ప్రశ్న ఇక్కడికే వస్తుంది.

మళ్లీ మొదలుపెట్టిన చోటికి వద్దాం. 2021లో చైనాతో జరిగిన ఆ పది వేల కోట్ల డాలర్ల పైచిలుకు వ్యాపారంలో ముప్పాతిక వంతుకు పైగా మనం కొన్నదే. అమ్మింది కొంచెం. హైదరాబాద్ చుట్టుపక్కల తయారయ్యే మాత్రలు ప్రపంచమంతా వెళ్తాయి. ఆ మందులకు కావలసిన ముడి రసాయనాల దిగుమతుల్లో సింహభాగం మాత్రం చైనాదే. మిర్చి కొనడం వాళ్లు ఆపేస్తే మన రైతు వేరే గిరాకీ వెతుక్కోవాలి. ముడి రసాయనాలు పంపడం ఆపేస్తే మన ఫ్యాక్టరీలు వేరే దేశం వెతుక్కోవాలి. ఏది ఎంత కష్టమో, ఎన్నాళ్లు పడుతుందో లెక్క వేసుకోవడం తెలివైన ప్రభుత్వం పని.

నా అభిప్రాయం ఇది. వ్యాపారం మంచిదే. అది పెరగాలి. పొరుగువాడి దగ్గర కొని, పొరుగువాడికి అమ్మే ఊరు బాగుపడుతుంది. అయితే శాంతిని కాపాడే పని మొత్తం దాని నెత్తిన పెట్టి రాయబారులూ నాయకులూ చేతులు దులుపుకోకూడదు. ఫ్రాన్స్, జర్మనీల మధ్య శాంతి నిలబెట్టింది బొగ్గు అమ్మకం ఒక్కటే కాదు. ఆ బొగ్గుకు ఉమ్మడి అజమాయిషీ పెట్టారు, నియమాలు రాసుకున్నారు, పేచీ వస్తే తీర్చడానికి ఒక న్యాయస్థానం పెట్టుకున్నారు.

రేపు మీరు పేపర్లో ఫలానా దేశంతో మన వ్యాపారం ఇన్ని కోట్లు దాటిందన్న వార్త చదివితే, మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎవరి అవసరం ఎక్కువ, మనదా వాళ్లదా? బేరం చెడితే మనకు ఇంకో కొట్టు ఉందా, వాళ్లకు ఉందా? ఈ తలుపు రేపు కూడా తెరిచే ఉంటుందని ఇద్దరూ నమ్ముతున్నారా? ఈ మూడింటికీ జవాబు తెలిస్తే, ఆ అంకె వెనక శాంతి ఎంత ఉందో మీకే అర్థమవుతుంది.

సూర్యాపేట కూడలిలో కర్నల్ సంతోష్‌బాబు విగ్రహం ఉంది. అరవై కిలోమీటర్ల అవతల ఖమ్మం యార్డులో తేజ మిర్చి ధర చైనా గిరాకీని బట్టి పెరుగుతూ తరుగుతూ ఉంటుంది.